గాలిమరకు అప్పు అడిగితే: రెక్క, కాయిల్, అయస్కాంతం జోడు కుదిరిందా?

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో జీవనోపాధుల ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది మా ఉపసంఘం ముందుకు వచ్చిన అర్జీల్లో ఒకటి మిగతావాటి లెక్కన లేదు. బర్రెలు, కుట్టుమిషన్లు, కిరాణం, పచ్చళ్లు, వీటికైతే అలవాటు ప్రకారం పది నిమిషాల్లో ఏదో ఒకటి తేల్చేస్తాం. ఈ అర్జీ మాత్రం ఇంట్లో తయారుచేసే గాలిమర కోసం. అడిగింది 58 వేలు. అక్కల కొడుకులు ఇద్దరు చదువుకున్నవాళ్లు, వాళ్లే చేస్తామంటున్నారు. సంఘం పేరు ఇక్కడ చెప్పను, అవసరం లేదు. నేను మోటార్ వైండింగ్ పని చేస్తాను కాబట్టి, "నువ్వే చూసి చెప్పు" అని కాగితాలు నా చేతికిచ్చారు. చూశాను. చూసింది మీ అందరి ముందు పెడుతున్నాను. ఎందుకంటే రేపు ఇంకో ఊరి నుంచి కూడా ఇలాంటి అర్జీ రావచ్చు. ఆ డబ్బు మనందరి పొదుపు.

అర్జీలో సామాను జాబితా చక్కగా రాశారు. బలమైన నియోడిమియం అయస్కాంతాలు 24, రాగి తీగ 4 కిలోలు, ఇనుప పళ్లేలు రెండు, రెజిన్, స్తంభం, బ్యాటరీ. అన్నీ మంచి సరుకే. కానీ కాయిల్‌కు ఎన్ని చుట్లు అన్నది ఎక్కడా లేదు. రెక్క ఎంత పొడవో ఉంది గానీ, అది నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలో లేదు. మంచి సరుకు కొంటే మంచి మర అవుతుందని వాళ్లు అనుకున్నట్టున్నారు. గాలిమరలో అట్లా నడవదు. మంచి ఎద్దును ఒకటి తెచ్చి, పక్కన పొట్టి ఎద్దును కట్టి, కాడి వంకరగా పెడితే నాగలి ఎట్లా పోతుందో మనకు తెలియనిది కాదు. రెక్క, కాయిల్, అయస్కాంతం, ఈ మూడింట్లో ఏదీ విడిగా మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. మూడూ ఒకదానికొకటి కుదరాలి, ఆ మూడు కలిసి మన ఊరి గాలికి కుదరాలి.

లెక్క గాలి నుంచి మొదలుపెడదాం. గాలి వేగం రెండింతలైతే దానిలోని శక్తి రెండింతలు కాదు, ఎనిమిదింతలు అవుతుంది. మూడింతలైతే ఇరవై ఏడింతలు. అర్జీలో ఉన్న మర రెక్కల కొన నుంచి కొన దాకా 2.4 మీటర్లు. గాలి సెకనుకు 3 మీటర్లు వీస్తే ఆ రెక్కల వలయంలోంచి పోయే గాలిలో దాదాపు 70 వాట్ల శక్తి ఉంటుంది. గాలి మొత్తాన్ని ఆపేసి పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. వందకు 59 పాళ్ల కంటే ఎక్కువ ఏ రెక్కా తీయలేదని బెట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త వందేళ్ల కిందటే లెక్క కట్టాడు. చేతితో చేసిన మరలో రెక్క, కాయిల్, తీగ నష్టాలన్నీ పోను పావు వంతు మిగిలితే బాగా చేసినట్టే. అంటే 17 వాట్లు. రెండు ఎల్‌ఈడీ బల్బులు. అదే గాలి 5 మీటర్లయితే 80 వాట్లు, 10 మీటర్లయితే 650 వాట్లు వస్తాయి. ఆన్‌లైన్‌లో "600 వాట్ల మర" అని చూపించేది ఆ చివరి లెక్కనే. మన దగ్గర 10 మీటర్ల గాలి ఎప్పుడు వస్తుంది? మే నెలలో రేకులు లేచిపోయినప్పుడు.

మన వరంగల్ మైదానంలో చాలా నెలలు గాలి 2, 3 మీటర్ల దగ్గరే ఉంటుంది. దీనికి నాకు యంత్రం అక్కరలేదు. హార్వెస్టర్లు రాకముందు కల్లంలో చాట ఎత్తి పట్టుకొని, గాలి ఎప్పుడొస్తుందా అని చేతులు గుంజేదాకా నిలబడ్డవాళ్లం మనమే. తూర్పార పట్టే గాలి రోజూ వచ్చేదా? వచ్చినా రోజంతా ఉండేదా? తిరుమల పోయినప్పుడు కాకులకొండ మీద పెద్ద గాలిమరలు చూసే ఉంటారు. అనంతపురం వైపు రామగిరిలో కూడా ఉన్నాయి. అవి అక్కడ ఎందుకున్నాయంటే, కొండల మీద గాలి దొరుకుతుంది కాబట్టి. హన్మకొండ పద్మాక్షి గుట్ట మీద నిలబడితే కొంగు నిలవదు, కిందికి దిగి బజార్లోకి వస్తే చెమట పడుతుంది. అంతే తేడా.

ఇక రెక్క. మూడు రెక్కల మర బాగా చెక్కితే, రెక్క కొన గాలి కంటే ఆరేడు రెట్లు వేగంగా పరుగెత్తుతుంది. మన లెక్కకు ఆరు రెట్లు అనుకుందాం. గాలి 3 మీటర్లయితే కొన 18 మీటర్లు. కొన ఒక్క చుట్టు తిరిగితే పోయే దూరం ఏడున్నర మీటర్లు. అంటే సెకనుకు 2.4 చుట్లు, నిమిషానికి 144. ఇది గుర్తుపెట్టుకోండి, మిగతా లెక్కంతా దీని మీదనే నిలబడుతుంది. మన బోరు మోటారు నిమిషానికి 2,800 పైన తిరుగుతుంది. ట్రాక్టర్ ఆల్టర్నేటర్‌కు వెయ్యి దాటితే గానీ చార్జింగ్ సరిగ్గా రాదు, పైగా అది తన లోపలి కాయిల్‌కు బ్యాటరీ కరెంటే తాగుతుంది. "పాత ఆల్టర్నేటర్ ఉంది గదా, దానికే రెక్కలు బిగిస్తే పోదా" అని అడిగేవాళ్లకు జవాబు ఇదే. 144 ఎక్కడ, వెయ్యి ఎక్కడ!

రెక్క పొడవు సగం చేస్తే అదే గాలికి రెండింతల వేగంతో తిరుగుతుంది, కానీ పట్టే శక్తి పావు వంతుకు పడిపోతుంది. రెక్కలు ఎక్కువ పెడితే నెమ్మదిగా, బలంగా తిరుగుతుంది. నీళ్లు తోడే పాతకాలం గాలిమరలకు అన్ని రెక్కలు అందుకే. కరెంటుకు మూడు చాలు. చెక్క విషయంలో ఒక్క మాట: నిర్మల్ బొమ్మలు చేసే పొణికి చెక్క తేలిక అని దాంతో చేయొద్దు, బలం చాలదు. గంటు లేని టేకు మేలు. పీవీసీ పైపు కోసి చేసే రెక్కలు చిన్న మరకు పనికొస్తాయి, రెండు మీటర్లు దాటితే గాలికి వంగుతాయి.

ఇప్పుడు నా పని దగ్గరికొచ్చాను. స్కాట్లాండ్‌లో స్కొరైగ్ అనే చోట రోడ్డు లేదు, కరెంటు లైను లేదు. అక్కడ హ్యూ పిగ్గాట్ అనే ఆయన 1970ల నుంచి ఇంటి మరలు చేస్తూ, చేయడం నేర్పుతూ వచ్చాడు. మన దేశంలో ఆరోవిల్‌లో మిన్‌వాయు వాళ్లు ఆ పద్ధతిలోనే చేస్తారు. మన పిల్లలు తెచ్చిన నమూనా కూడా అదే. రెండు ఇనుప పళ్లేలు, ఒక్కోదాని మీద 12 అయస్కాంతాలు, ఉత్తరం దక్షిణం మార్చి మార్చి. రెండు పళ్లేల నడుమ రెజిన్‌లో పోసిన 9 కాయిళ్లు కదలకుండా ఉంటాయి, పళ్లేలు తిరుగుతాయి. కాయిల్ లోపల ఇనుము ఉండదు. అందుకే అయస్కాంతం పట్టుకొని గుంజదు, తక్కువ గాలికే కదులుతుంది. మనలాంటి చోటుకు ఇది సరైన పద్ధతే. అంతవరకు పిల్లల ఎంపిక బాగుంది.

చుట్ల లెక్క చూడండి. 12 అయస్కాంతాలంటే ఆరు జతలు. సెకనుకు 2.4 చుట్లు తిరిగితే కాయిల్ ముందు 14 సార్లకు పైగా ఉత్తరం దక్షిణం మారుతుంది. వాళ్లు రాసిన కొలత అయస్కాంతాలకు, అంటే 46 మిల్లీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 10 మందానికి, ఆ వేగంలో తీగ ఒక్కో చుట్టుకు వోల్టులో ఇరవయ్యో వంతు పుడుతుంది. 42 చుట్లు చుడితే కాయిల్‌కు 2 వోల్టులు. మూడు కాయిళ్లు వరుసగా కలిపితే 6. మోటారుకు మూడు ఫేజులు లోపలికి పోయినట్టే, ఇక్కడ మూడు ఫేజులు బయటికి వస్తాయి. స్టార్ కలిపితే రెండు తీగల మధ్య పదిన్నర వోల్టులు. బ్రిడ్జి రెక్టిఫైయర్ దాటితే అది దాదాపు 14 డీసీ. దాంట్లో డయోడ్లు ఒకటిన్నర దాకా తింటాయి. మిగిలింది పన్నెండున్నర. 12 వోల్టుల బ్యాటరీకి చార్జి ఎక్కడం అక్కడ మొదలవుతుంది.

ఇప్పుడు, "ఎందుకైనా మంచిదని" 80 చుట్లు చుట్టారనుకోండి. చార్జింగ్ నిమిషానికి 75, 76 చుట్ల దగ్గరే మొదలవుతుంది. వినడానికి లాభంగానే ఉంటుంది. కానీ రెక్క ఇంకా వేగం అందుకోకముందే దాని మెడ మీద బరువు పడుతుంది. 144 దగ్గర పనిచేయాల్సిన రెక్క 80 దగ్గరే ఆగిపోతుంది, గాలి దాని మీది నుంచి జారిపోతుంది. బండి కదలకముందే బస్తాలన్నీ ఎక్కించినట్టు. అదే 20 చుట్లే చుట్టారనుకోండి, నిమిషానికి 300 తిరిగితే గానీ బ్యాటరీకి చుక్క ఎక్కదు. దానికి గాలి 6 మీటర్లు దాటాలి. మన ఊర్లో ఆ మర రోజంతా గిరగిర తిరుగుతుంది, చూసినోళ్లు మెచ్చుకుంటరు, బ్యాటరీ మాత్రం ఖాళీగనే ఉంటది. అలాంటి మర ఒకటి పక్క మండలంలో చూశాను. రెండు సంవత్సరాలు తిరిగింది, ఒక్క రాత్రి కూడా బల్బు తెల్లారేదాకా వెలగలేదు.

అయస్కాంతం మారితే ఈ లెక్కంతా మారుతుంది. పాత స్పీకర్లలో ఉండే నల్లటి ఫెర్రైట్ చవక, తుప్పు పట్టదు, వేడికి తట్టుకుంటుంది. కానీ బలం నియోడిమియంలో మూడో వంతు దగ్గర. అదే కొలతలో అవి పెడితే చుట్లు మూడింతలు కావాలి, తీగ ఆ సందులో పట్టదు. నియోడిమియం బలమైందే, మామూలు రకం 80 డిగ్రీలు దాటితే బలం పోగొట్టుకుంటుంది. పైన నికెల్ పూత గీత పడితే తుప్పు లోపలికి తింటుంది. రెండు పళ్లేలు దగ్గరికి తెచ్చేటప్పుడు వేలు మధ్యలో పడితే నలిగిపోతుంది, ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు. పళ్లేలను బోల్టులతో మెల్లగా దించాలి, చేతులతో కాదు. పళ్లెం మందం 8 మిల్లీమీటర్లకు తగ్గితే అయస్కాంతాల గుంజుడుకే లోపలికి వంగి కాయిల్‌ను రాస్తుంది.

చిన్న సవరణకు మార్గం ఉంది. చుట్లు కొంచెం ఎక్కువై రెక్క ఊపు అందుకోకపోతే, పళ్లేల మధ్య వాషర్ వేసి సందు ఒకటి రెండు మిల్లీమీటర్లు పెంచాలి. కాయిల్‌కు అందే అయస్కాంత బలం తగ్గుతుంది, రెక్కకు ఊపిరి ఆడుతుంది. చుట్లు తక్కువైతే మాత్రం రెజిన్‌లో పోసిన కాయిల్‌కు వైద్యం లేదు, పగలగొట్టాల్సిందే. అందుకే పోయకముందే పరీక్ష చేయాలి. కాయిళ్లు బల్ల మీద పరిచి, పళ్లెం చేత్తో సెకనుకు ఒక్క చుట్టు తిప్పి, మల్టీమీటర్ పెట్టాలి. 42 చుట్ల లెక్కకు ఒక్కో ఫేజుకు రెండున్నర వోల్టులు రావాలి. రెండు ఫేజుల్లో రెండున్నర వచ్చి, మూడోదాంట్లో 0.8 వస్తే భయపడొద్దు, ఆ ఫేజులో ఒక కాయిల్ తలకిందులుగా కలిపారు. తిప్పి కలిపితే సరిపోతుంది.

తీగ మందం సంగతి. 12 వోల్టులకు చుట్లు తక్కువ, తీగ లావు. 48 వోల్టులకు చుట్లు నాలుగింతలు, తీగ సన్నం. కాయిల్‌లో పట్టే రాగి రెండింటికీ ఒకటే, కాబట్టి కాయిల్ వరకు తేడా లేదు. తేడా స్తంభం నుంచి ఇంటికి వచ్చే దారిలో ఉంది. అదే తీగలో అవే వాట్లు 12 వోల్టుల మీద పంపితే పోయే నష్టం, 48 వోల్టుల మీద పంపితే పోయేదానికి పదహారింతలు. పొలంలో స్తంభం వేసి, వంద మీటర్ల దూరంలో ఇంటికి 12 వోల్టులు లాగుతామన్నారు అర్జీలో. అది మార్చుకోవాలి.

గాలిదుమారం మాట మరిచిపోకూడదు. సెకనుకు 20 మీటర్ల గాలిలో, 3 మీటర్ల గాలిలో ఉన్నదానికి దాదాపు 300 రెట్ల శక్తి ఉంటుంది. వడగళ్ల వానప్పుడు మన మామిడితోటలు ఏమవుతాయో చూశాం గదా. మర తోక తనంతట తాను మడుచుకొని రెక్కలను గాలికి పక్కకు తిప్పాలి. ఆ కీలు లేని మరకు సమాఖ్య పైసా ఇవ్వకూడదని మా ఉపసంఘం గట్టిగా అంటోంది. తిరుగుతున్న మర నుంచి బ్యాటరీ తీగ ఊడదీయకూడదు, బరువు లేని రెక్క పిచ్చిగా తిరిగి విరుగుతుంది. గాలి తక్కువున్నప్పుడే మూడు ఫేజు తీగలు కలిపి కట్టేస్తే అదే బ్రేకు.

ఇక డబ్బు లెక్క. స్తంభం పొట్టిగా, చెట్ల మధ్య ఉండి సగటు గాలి 2 మీటర్లే అందితే రోజుకు పావు యూనిట్ వస్తే గొప్ప, నెలకు ఏడెనిమిది యూనిట్లు. సగటు 3 మీటర్లుంటే నెలకు 27 దాకా. యూనిట్‌కు 5 రూపాయలు వేసుకున్నా 40 రూపాయల నుంచి 135 రూపాయలు. 58 వేలకు నూటికి రూపాయి వడ్డీ వేస్తే నెలకు 580. అసలు సంగతి తర్వాత, మూడు నాలుగేళ్లకు బ్యాటరీ మార్చే ఖర్చు తర్వాత. పైగా 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా తెల్లకార్డు ఇళ్లకు జీరో బిల్లు వస్తోంది, కాబట్టి ఇంటి బిల్లులో మిగిలేది కూడా లేదు. వంద వాట్ల సోలార్ ప్యానెల్ ఒకటి ఎండున్న రోజు 400 వాట్ గంటలు ఇస్తుంది, అంటే చెట్ల మధ్య ఉన్న ఆ మర కంటే ఎక్కువే. దానికి రెక్క విరగదు.

మరి గాలిమర వద్దనే చెప్తున్నానా? కాదు. లైను పోని గుట్ట మీద, గొర్రెల మంద దగ్గర, చెరువు కట్ట మీద చేపల కాపలా పాకలో, జూన్ నుంచి ఆగస్టు దాకా మబ్బు పట్టి సోలార్ మూలుగుతున్నప్పుడు గాలి వీస్తుంది, రాత్రి కూడా వీస్తుంది. అక్కడ రెండూ కలిపి పెడితే అర్థం ఉంది. ఆఫ్రికాలో మలావీ దేశంలో విలియం కామ్‌క్వాంబా అనే పిల్లగాడు బడి ఫీజు కట్టలేక చదువు మానేసి, 2002లో సైకిల్ డైనమోతో, ట్రాక్టర్ ఫ్యాన్‌తో, కాల్చి సాపు చేసిన పీవీసీ పైపుతో మర చేశాడు. దానితో ఇంట్లో బల్బులు వెలిగాయి, రేడియో మోగింది. వాళ్ల ఊర్లో లైనే లేదు, కాబట్టి ఆ కొద్ది వాట్లకే విలువ. ఇంకో సంగతి చూడండి, ఆయన దగ్గర మంచి సరుకేమీ లేదు. కానీ నెమ్మదిగా తిరిగే రెక్కలకు, వేగం కావాల్సిన చిన్న డైనమోకు మధ్య సైకిల్ చక్రాన్ని పెట్టి జోడు కుదిర్చాడు.

నాకు ఈ అర్జీలో అన్నింటికంటే విలువైంది వేరే కనిపించింది. ఆ ఇద్దరు తల్లులు కాయిళ్లు తామే చుడతామన్నారు. మన ఊర్లలో ఎండాకాలం వచ్చిందంటే లోవోల్టేజీకి కాలిన మోటార్లు షాపుల ముందు వరుస కట్టి ఉంటాయి. రైతు రెండు రోజులు తిరిగితే మడి ఎండుతుంది. వైండింగ్‌కు కావాల్సింది కండబలం కాదు, చుట్టు తప్పకుండా లెక్కపెట్టే ఓపిక. రాజస్థాన్‌లో తిలోనియా బేర్‌ఫుట్ కాలేజీలో పెద్దగా చదువు రాని ఆడవాళ్లు సోలార్ సర్క్యూట్లు కలపడం నేర్చుకొని పోతున్నారు. మనకు మోటారు కాయిల్ చుట్టడం ఏమంత దూరం?

అందుకని మా ఉపసంఘం పాలకవర్గానికి పెట్టిన సిఫారసు ఇది. మొత్తం 58 వేలు ఇప్పుడు ఇవ్వొద్దు. చుట్టే చేతిమిషన్, గేజి, మల్టీమీటర్, నేర్చుకోవడానికి తీగ, చేతిలో పట్టుకునే గాలి కొలిచే మీటరు, వీటికి మొదటి విడత 9 వేలు. ఆ డబ్బుతో కొన్నది మర నిలబడకపోయినా మోటార్ల పనికి పనికొస్తుంది. మర పెడతామన్న చోట 6 మీటర్ల గడ మీద మీటరు కట్టి జూన్ నుంచి ఆగస్టు దాకా పొద్దున, మధ్యాహ్నం, రాత్రి పడుకునే ముందు రాయాలి. మీటరు లేనివాళ్లకు గుర్తు చెప్తా: ఆకులు గలగలమంటే 2, 3 మీటర్లు. సన్న కొమ్మలు ఆగకుండా ఊగుతూ, జెండా గుడ్డ విచ్చుకుంటే 4, 5. వాకిట్లో దుమ్ము, కాగితాలు లేస్తే 6 పైన. సగటు మూడున్నర దాటితే మిగతా డబ్బు గురించి సెప్టెంబర్ సమావేశంలో పెడతాం, అప్పుడు అర్జీలో చుట్ల లెక్క, రెక్క లెక్క, తోక కీలు బొమ్మ మూడూ ఉండాలి. దాటకపోతే వైండింగ్ అప్పుగానే అది నడుస్తుంది.

42 చుట్ల కాయిళ్లు తొమ్మిది చుట్టి తెచ్చాను, అయస్కాంతాల పళ్లెం కూడా ఉంది. బల్ల మీద పెట్టాను. భోజనాలయ్యాక ఎవరైనా వచ్చి తిప్పి మీటరులో చూసుకోవచ్చు. సెల్‌ఫోన్లు, ఏటీఎం కార్డులు మాత్రం పళ్లెం దగ్గరికి తేకండి.